డబ్బా ముందా, బువ్వ ముందా?

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని వెళ్తే ముందు మొయినాబాద్, ఆ తర్వాత చేవెళ్ల. పూలతోటలు, కూరగాయల మళ్లు, ఫామ్‌హౌస్‌లున్న ఈ ఊళ్లలో బడి వదలగానే వెయిట్‌లిఫ్టింగ్ బార్ దగ్గరకు పరుగెత్తే పిల్లలున్నారు. వాళ్ల వెనకే ప్రొటీన్ డబ్బాలూ వచ్చాయి. పదమూడు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలు బరువులు ఎత్తడానికి ఆ డబ్బాలు అవసరమా? అన్నం పెట్టే తల్లిదండ్రులు, ఆట నేర్పే గురువులు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. దాన్ని ఇక్కడ ఇద్దరి నోట వినిపిస్తున్నాను. ఒకరు చేవెళ్లలో చాలా ఏళ్లు వ్యాయామ విద్య నేర్పి రిటైరైన సారు. రెండోవారు ఆయన శిష్యుడే, మొయినాబాద్‌లో వెయిట్‌లిఫ్టింగ్ నేర్పుతున్న కోచ్. మనుషులు కల్పితం, వాళ్లు మాట్లాడుకునే విషయం నిజం.

కోచ్: నమస్తే సార్. మా షెడ్డుల బరువులెత్తుడు నేర్చుకునే పిలగాని వాళ్ల నాయినకు ఫోన్ చేసి ప్రొటీన్ పౌడర్ బంద్ చెయ్యమన్నరట. ఆయన పొద్దుగాలనే నా కాడికొచ్చిండు. సారు మాట వినాల్నా, నీ మాట వినాల్నా అని అడుగుతున్నడు.

సారు: కూసో బిడ్డా. ఫోన్ చేసిన మాట నిజమే. వానికి పదిహేనేండ్లు, యాభై రెండు కిలోలు, తొమ్మిదో తరగతి. వాని చేతికి డబ్బా ఎందుకొచ్చిందో నిన్నే అడుగుదామనుకున్న.

కోచ్: ఇయ్యక ఏం జెయ్యాలె సార్? వాళ్లమ్మ తెల్లారక ముందే పూలు తెంపనీకి తోటకు పోతది. వాడు చాయ్, రెండు బిస్కెట్లు తిని బడికి పోతడు. మధ్యాహ్నం బడిల అన్నం. వారానికి మూడు రోజులు గుడ్డు. అయిదింటికి నా కాడికి ఖాళీ కడుపుతోని వస్తడు. నేను లెక్కగట్టిన. రోజు మొత్తం మీద మూడు వందల గ్రాముల బియ్యం వండుకొని తింటే 24 గ్రాముల ప్రొటీన్. యాభై గ్రాముల కందిపప్పుకు 11. గుడ్డున్న రోజు ఇంకో 6. అంతా కలిపితే 41. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020ల ఇచ్చిన లెక్క ప్రకారం 13 నుంచి 15 ఏండ్ల మగపిల్లలకు రోజుకు 45 గ్రాములు గావాలె. అది మామూలు పిల్లల లెక్క. బరువులు ఎత్తేటోళ్లకు కిలోకు 1.2 నుంచి 2 గ్రాముల దాక గావాలని క్రీడా పోషకాహార నిపుణులు అంటరు. కిలోకు ఒకటిన్నర ఏసుకున్నా 78 అయితది. అంటే 37 గ్రాములు తక్కువ. డబ్బాల స్కూపు ఏసి కలిపితే ఒక్క నిమిషంల 24 గ్రాములు పడ్తయి. తప్పేమున్నది?

సారు: లెక్క మంచిగ గట్టినవ్. పిల్లల తిండి ఇంత పట్టించుకునే కోచ్‌లు తక్కువ. ఆ 37 గ్రాములు తక్కువనేది నేను గూడ ఒప్పుకుంట. గని వానికి తక్కువైంది ఒక్క ప్రొటీనే కాదు. కడుపుకు తిండే తక్కువైంది. ఒక స్కూపుల 120 కేలరీలు ఉంటయి. అయిదింటికి ఆకలితోని వచ్చినోడు గంటన్నర బార్ ఎత్తితే ఒంటికి ముందు గావాల్సింది ఇంధనం. అది లేకపోతే నువ్వు పోసిన ప్రొటీన్‌ను గూడ ఒళ్లు కాల్చుకుంటది. పొయ్యిల కట్టెలు లేవని ఇంటి దూలం తీసి పెట్టినట్టు అయితది. కండకు పోవాల్సింది మంటకు పోతది.

కోచ్: అయితే ఏం పెట్టమంటరు?

సారు: రెండు గుడ్లు, 12 గ్రాములు. అర లీటరు బర్రెపాలు, 18. ఒక పిడికెడు పల్లీలు, యాభై గ్రాములు ఉంటయనుకో, 12. మొత్తం 42. నీ 41కి కలిపితే 83. నువ్వు చెప్పిన 78 దాటింది. దాంతోని కేలరీలు వచ్చినయి, పాలల్ల కాల్షియం వచ్చింది, గుడ్డుల బి12 వచ్చింది. ఎముకలు సాగే వయసుల అవి లేకుంట ఉత్త ప్రొటీన్ ఏం జేసుకుంటడు?

కోచ్: చెప్పుడు అల్కగనే ఉంటది సార్. పైసలెవరిస్తరు?

సారు: పైసల లెక్కనే చూద్దాం. రెండు గుడ్లు, అర లీటరు పాలు, పిడికెడు పల్లీలు, రోజుకు అరవై రూపాయల పైచిలుకు. నెలకు రెండు వేల దరిదాపు. పేరున్న కంపెనీ కిలో డబ్బా కొంటే మూడు వేలు అటూ ఇటూ. రోజుకో స్కూపు ఏస్తే నెలకే అయిపోతది. నీ డబ్బా ఎక్కువ పైసలకు 24 గ్రాములిస్తున్నది, నా తిండి తక్కువ పైసలకు 42 ఇస్తున్నది. ఇంకో లెక్క చెప్త విను. 2024 డిసెంబర్ 14న ముఖ్యమంత్రి మన మొయినాబాద్ మండలంల చిలుకూరు గురుకులానికే వచ్చి హాస్టళ్ల కొత్త మెనూ మొదలుపెట్టిండు. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు మెస్ చార్జీ నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలు చేసిండ్రు. ఒక పిల్లగానికి మూడు పూటల తిండికి సర్కారు నెలంతా పెట్టేది 1,540. నువ్వు కొనమన్న ఒక్క డబ్బా దానికి దాదాపు రెండింతలు. పూలు తెంపే తల్లిని ఆ పైసలు ఎట్ల అడుగుతవ్?

కోచ్: బలవంతం చెయ్యలేదు సార్. వాళ్ల నాయినే అప్పు చేసి కొంట అన్నడు.

సారు: అదే నాకు గుండెల కలుక్కుమన్నది. కొడుకు పతకం తెస్తడని తండ్రి అప్పు జేస్తడు. ఆ అప్పుతోని డబ్బా వస్తది, ఇంట్ల పాలు మాత్రం బంద్ అయితయి.

కోచ్: సరే, పైసల మాట ఒప్పుకుంట. గని ఊళ్లె జనం దాన్ని విషం అన్నట్టు మాట్లాడుతరు. కిడ్నీలు పోతయంటరు. అది పాల నుంచి తీసిందే గదా. పాలు విరిగితే మిగిలే నీళ్లల్ల ఉండే ప్రొటీన్‌ను ఎండబెట్టి పొడి చేస్తరు. ఆరోగ్యంగ ఉన్నోళ్ల కిడ్నీలు దాంతోని పాడైతయని రుజువు లేదు.

సారు: ఆ మాట నేననలేదు, అనను గూడ. లేని భయం చెప్పి మాన్పిస్తే రేపు పిల్లలు మన నిజాన్ని గూడ నమ్మరు. మంచి పాల నుంచి తీసిన అసలు వే ప్రొటీన్ విషం కాదు. డబ్బా మీద రాసిందే లోపల ఉన్నదా అన్నదే నా పేచీ. 2024ల మన దేశంల అమ్మే 36 ప్రొటీన్ పౌడర్లను డాక్టర్లు పరీక్ష చేయించి ‘మెడిసిన్’ అనే జర్నల్‌ల అచ్చేసిండ్రు. నూటికి డెబ్బై దాక డబ్బాలల్ల రాసిన ప్రొటీన్ లెక్క తప్పు. కొన్నిట్ల రాసిన దాంట్ల సగం గూడ లేదు. నూటికి 14 డబ్బాలల్ల బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్, 8 డబ్బాలల్ల పురుగుమందుల ఆనవాళ్లు దొరికినయి. అదే ఏడాది పోషకాహార సంస్థ భారతీయుల కోసం ఇచ్చిన ఆహార సూచనలల్ల గూడ కండలు పెంచుకోనీకి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనే రాసింది. చక్కెర, తీపి రసాయనాలు, వాసన కోసం కలిపేవి అందుల ఉండొచ్చని చెప్పింది.

కోచ్: అవి చవక డబ్బాలు సార్. బ్యాచ్ బ్యాచ్‌కు పరీక్ష చేసి ముద్ర ఏసేటివి గూడ ఉన్నయి. నేను అవే చెప్త.

సారు: నువ్వు అవే చెప్తవ్. వాళ్ల నాయిన దుకాణంల అదే కొంటడా? పైసలు తక్కువ పడితే దుకాణపాయన ఇంకోటి చేతుల పెడ్తడు. పైన బొమ్మ ఒక్క తీరుగనే ఉంటది. పొడిని చూసి లోపల ఏమున్నదో నువ్వు గూడ చెప్పలేవు, నేను గూడ చెప్పలేను.

కోచ్: అది నిజమే.

సారు: ఇగ డోపింగ్ సంగతికి వద్దాం. అసలు భయం నాకు అక్కడ ఉన్నది. 2000–2001ల జర్మనీల కొలోన్ ల్యాబు వాళ్లు ఒలింపిక్ కమిటీ సాయంతోని 13 దేశాలల్ల 634 సప్లిమెంట్లు కొని పరీక్ష చేసిండ్రు. హార్మోన్లు ఉన్నయని ఏ డబ్బా మీద రాయలేదు. గని 94 డబ్బాలల్ల బయటపడ్డయి. నూటికి దాదాపు పదిహేను. 2010ల ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల ముంగట మిథైల్‌హెక్సానమీన్ అనే మందు కింద మన ఆటగాళ్లు వరుసగ దొరికిండ్రు. ఎక్సర్‌సైజు ముందు తాగే పొడులల్ల కలిపే సరుకే అది. 2011ల రిలే పరుగు అమ్మాయిలు యాదికున్నరా? ఢిల్లీల, గ్వాంగ్‌జౌల బంగారు పతకాలు తెచ్చిన జట్టుల పిల్లలు. కోచ్ తెచ్చిచ్చిన జిన్‌సెంగ్ తిన్నమని, అందుల ఏమున్నదో మాకు తెల్వదని మొత్తుకున్నరు. మొదలు ఒక్క ఏడాది నిషేధం ఏసిండ్రు. 2012ల అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేండ్లు జేసింది. ఎవరిచ్చిండ్రన్నది లెక్కలకు రాలేదు. ఎవరి ఒంట్ల దొరికిందన్నదే లెక్క.

కోచ్: చిన్న పిల్లలకు ఆ రూలు కొంచెం సడలిస్తరు గదా సార్. పదహారేండ్ల లోపోళ్లను రక్షిత వ్యక్తులంటరు. వాళ్ల పేరు బయట పెట్టాలనే బలవంతం లేదు, శిక్ష గూడ తగ్గొచ్చు.

సారు: తగ్గొచ్చు. అదే డోపింగ్ నియమావళిల ఇంకో మాట ఉన్నది. అట్ల చిన్న పిల్లలు దొరికితే వాళ్ల కోచ్ మీద గూడ విచారణ జరగాలె. అది నీ సంగతి, పెద్దోనివి, తట్టుకుంటవ్. పిలగాని సంగతేంది? పేరు పేపర్ల రాకపోయినా బడిల తెలుస్తది, ఊళ్లె తెలుస్తది. 2015ల యువ, జూనియర్ పోటీలతో సహా ఆ ఏడు మన దేశంల జరిగిన వెయిట్‌లిఫ్టింగ్ పోటీలల్ల ఇరవై మందికి పైగ దొరికితే సమాఖ్య వాళ్లందరినీ పక్కన పెట్టింది. అందుల చిన్న చిన్నోళ్లున్నరు. ఆ వయసుల పిల్లలు వాళ్లంతట వాళ్లే దుకాణానికి పోయి మందు ఎంచుకొని తెచ్చుకుంటరంటే నేను నమ్మ. పెద్దోళ్లెవరో తొవ్వ చూపిస్తరు. శిక్ష మాత్రం పిల్లలకు పడ్తది.

కోచ్: నేను మందు ఇస్తలేను సార్. ప్రొటీన్ ఇస్తున్న. రెండిటిని ఒక్క గాటన కట్టకండ్రి.

సారు: కట్ట. నువ్వు మందు ఇయ్యవని నాకు తెలుసు, నువ్వు నా పిలగానివి. గని డబ్బా అలవాటు డబ్బాతోనే ఆగదు. ఈ నెల ప్రొటీన్. వచ్చే నెల క్రియాటిన్. ఆ తర్వాత ప్రాక్టీసు ముందు తాగే ఎర్ర పొడి, స్కూపుకు రెండు వందల మిల్లీగ్రాముల పైన కెఫీన్ ఉండేది. రెండు కప్పుల గట్టి కాఫీ ఒక్కసారి పదిహేనేండ్ల పిలగాని గుండెకు పోతది. రాత్రి నిద్ర రాదు. నిద్రల పెరగాల్సిన ఒళ్లు పెరగదు. ఎత్తలేకపోయిన రోజు ‘నాల తక్కువైందేమో, ఇంకోటి తాగాలె’ అనుకుంటడు. ఎత్తేది డబ్బానే అని వాని మనసుల పడ్డదంటే, రేపు ఎవడో సూది పట్టుకొని వచ్చిన్నాడు వానికి అడ్డు చెప్పనీకి మాట దొరకదు.

కోచ్: క్రియాటిన్ మీద అన్నిటికంటే ఎక్కువ పరిశోధనలున్నయి సార్. మన ఒంట్లనే రోజుకు ఒక గ్రాము దాక తయారైతది. మాంసంల, చేపలల్ల ఉంటది.

సారు: ఉన్నయి, ఎక్కువ భాగం పెద్దోళ్ల మీద. పద్దెనిమిది లోపోళ్ల మీద ఏండ్ల తరబడి చూసిన పరిశోధనలు చాల తక్కువ. అమెరికాల పిల్లల డాక్టర్ల సంఘం 2016ల బలం పెంచే పదార్థాలు టీనేజోళ్లకు వద్దనే చెప్పింది. అయినా నిన్నొకటి అడుగుత. మొన్న నీ షెడ్డుకు వచ్చి అరగంట నిలబడి చూసిన. ఆ పిలగాడు స్నాచ్ ఎత్తేటప్పుడు బార్ మోకాలు దాటంగనే ఒంటికి దూరం పోతున్నది. పిర్ర ముందు లేస్తున్నది, ఛాతీ కిందికి ఒరుగుతున్నది. అప్పుడు బరువంతా నడుము మీద పడ్తది. మీదికి పోయినంక మోచేతులు ఒంగుతున్నయి. అది సరిచేస్తే ఎన్ని కిలోలు పెరుగుతయి?

కోచ్: పది కిలోలైనా పెరుగుతయి సార్. ఎక్కువే గావచ్చు.

సారు: క్రియాటిన్ అంత ఇస్తదా?

కోచ్: ఇయ్యది.

సారు: కొత్తగ నేర్చుకునేటోనికి బలం ముందు నరాలు నేర్చుకుంటే వస్తది, పద్ధతి కుదిరితే వస్తది, వయసుతోని వస్తది. ఈ మూడూ వానికి ఉచితంగ వస్తున్నయి. వచ్చే దాన్ని రానియ్యి.

కోచ్: మీరు చేవెళ్ల చూస్తున్నరు, నేను దేశం చూస్తున్న సార్. మిజోరం పిలగాడు జెరెమీ లాల్‌రిన్నుంగ 2018ల పదిహేనేండ్లకే యూత్ ఒలింపిక్స్ బంగారం కొట్టిండు, 62 కిలోల విభాగంల 274 ఎత్తి. మన రాగాల వెంకట్ రాహుల్ 2014 యూత్ ఒలింపిక్స్‌ల వెండి తెచ్చిండు, 2018 కామన్వెల్త్‌ల 338 ఎత్తి బంగారం కొట్టిండు. అట్లాంటోళ్లతోని మా పిల్లలు పోటీ పడాలె. పద్దెనిమిది నిండే దాక ఆగమంటే యూత్ పోటీలే అయిపోతయి.

సారు: మంచి పేర్లు చెప్పినవ్. జెరెమీ ఎక్కడ పెరిగిండు? చిన్నప్పటి సంది ఆర్మీ క్రీడా శిక్షణల. రాహుల్? స్టువర్ట్‌పురం పిలగాడు, మన హకీంపేట క్రీడా పాఠశాలల తయారైండు. అట్లాంటి కాడ పిల్లలకు పూట పూటకు తిండి, టైముకు నిద్ర, కంటి ముందు కోచ్ ఉంటరు. మన పిల్లలకు లేనిది అది. డబ్బా చేతుల పెడితే అది వచ్చినట్టు మనల్ని మనం నమ్మించుకుంటున్నం. కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటల నీలంశెట్టి అప్పన్న దగ్గర నేర్చుకున్నది. 2000 సంవత్సరంల సిడ్నీ ఒలింపిక్స్‌ల స్నాచ్‌ల 110, క్లీన్ అండ్ జెర్క్‌ల 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. చిన్న ఊరి నుంచి లోకం దాక పోవచ్చని ఆమె చూపించింది. పల్లెల నేర్పే కోచ్‌కు ఎంత విలువున్నదో గూడ చూపించింది. నీ విలువ తక్కువ చేసుకోకు.

కోచ్: సార్, ఒక్కటి మాత్రం మీరు ఒప్పుకోవాలె. సప్లిమెంట్ అనేదే వద్దంటే, సర్కారు బడిల వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఏంది? అది ఇనుము, ఫోలిక్ యాసిడే గదా. పదేండ్ల సంది పంతొమ్మిదేండ్ల దాక పిల్లలందరికీ ఇస్తున్నరు. అది తప్పు కానప్పుడు నాది ఎట్ల తప్పయితది?

సారు: ఇన్నిట్ల ఇది గట్టి ప్రశ్న. ఆ మాత్ర నేను గూడ పిల్లలతోని దగ్గరుండి మింగిపించిన. మన రాష్ట్రంల 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లలల్ల నూటికి అరవై మందికి పైగ రక్తం తక్కువున్నోళ్లేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. లోటు తేలింది. మాత్రల 60 మిల్లీగ్రాముల ఇనుము, అర మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్. మోతాదు తెలుసు. ఏదన్న అయితే టీచరున్నడు, ఏఎన్ఎం ఉన్నది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నది. జవాబు చెప్పేటోళ్లు ఉన్నరు. లోటు తేలాలె, మోతాదు తెలవాలె, జవాబు చెప్పేటోళ్లుండాలె. ఈ మూడు ఉన్న దాన్ని నేను కాదన. నీ డబ్బాకు ఈ మూడుల ఏది ఉన్నది?

కోచ్: లోటు ఉన్నది, నేను లెక్కగట్టిన గదా.

సారు: తిండి లోటు తేల్చినవ్. అది తిండితోనే తీరుతది. తిండితోని తీరనిది ఏమన్న ఉన్నదా అని రక్తం చూపించినవా?

కోచ్: లేదు. కాకుంటే, మీరు ఆడపిల్లల మాట ఎత్తినంక నాకు ఒకటి తోస్తున్నది. నా కాడ ఒక అమ్మాయి నాలుగో లిఫ్టుకే అలసిపోతది. ముఖం పాలిపోతది. ప్రొటీన్ చాలడం లేదేమో అనుకున్న.

సారు: ఆ పిల్లను రేపే ఆరోగ్య కేంద్రానికి తీసుకపొమ్మని వాళ్లమ్మకు చెప్పు. హిమోగ్లోబిన్ చూపియ్యి. రక్తం తక్కువుంటే ఎన్ని స్కూపులు పోసినా ఆ అలసట పోదు. కండకు గాలి మోసేది రక్తం. డాక్టరు ఇనుము మాత్ర రాస్తే వాడనియ్యి, అది మందు. ఇంట్ల తోటకూర, కార్జం, జొన్నరొట్టె, మీద నిమ్మకాయ పిండుకోమను. అన్నం తిన్న ఎంబడే చాయ్ తాగే అలవాటుంటే మాన్పియ్యి, ఇనుమును ఒంటికి పట్టనియ్యది. చూసినవా, అన్నిటికీ ఒక్క డబ్బా జవాబంటే ఆ పిల్ల అసలు రోగం మరుగున పడేది.

కోచ్: ఆ మాట నన్ను పట్టుకున్నది సార్. గని నా ఇబ్బంది గూడ చూడుండ్రి. మీ గుడ్లు, పాలు, పల్లీలు ఇంట్ల ఉడకబెట్టేటోళ్లు ఎవరున్నరు? తల్లి తోటల, తండ్రి ఆటో మీద. డబ్బాకు పొయ్యి అక్కర్లేదు. అందుకే పిల్లలు దాని దిక్కు పోతున్నరు.

సారు: నువ్వు చెప్పినదాంట్ల అన్నిటికంటే బరువైన మాట ఇదే. నా దిక్కు గూడ తప్పున్నది. తిండి తినుండ్రని ఉపదేశం చెప్పి ఇంటికి పోతే పిలగాని కడుపు నిండదు. అందుకని నీ షెడ్డులనే ఏర్పాటు చేద్దాం. ఒక గ్యాస్ పొయ్యి, ఒక పెద్ద గిన్నె. పొద్దుగాల శనగలో బబ్బెర్లో కందులో నానేసి, సాయంత్రం గుడాలు ఉడకబెడితే ప్రాక్టీసుకు గంట ముందు పిల్లలు తింటరు. ప్రాక్టీసు అయినంక రెండు గుడ్లు. తాండూరు కంది మన దగ్గర్లనే పండుతది. కోళ్ల ఫారాలు మన చుట్టూ ఉన్నయి, టోకున గుడ్లు తీసుకుంటే ధర తగ్గుతది. నా పాత విద్యార్థులు ఫామ్‌హౌస్‌లల్ల, వ్యాపారాలల్ల ఉన్నరు, నెల నెలా చందా నేను అడుగుత. ఇంటి నుంచి రావాల్సింది పాలొక్కటే.

కోచ్: మీరు అడుగుతరా?

సారు: అడుగుత. తిండి గురించి ఇన్ని మాటలు చెప్పినోన్ని, దానికి తిప్పలు పడకుంటే ఎట్ల?

కోచ్: అయితే నేను గూడ ఒక మాట ఇస్త. పద్దెనిమిది లోపు పిల్లలకు నా షెడ్డుల డబ్బా పేరెత్త. కండ్ల ముందట ఎవరన్న తెచ్చి తాగితే ఇంటోళ్లకు చెప్త. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా మాత్ర మింగే ముందు అందుల నిషేధించిన మందు ఉన్నదేమో డాక్టరును అడగమని చెప్త. అయితే ఒకటి. పదిహేడేండ్ల పిల్ల జాతీయ శిబిరానికి పోయింది, అక్కడి డాక్టరు రక్తం చూసి ఏదన్న రాసిచ్చిండు. అప్పుడు నేను వద్దన.

సారు: నేను గూడ వద్దన. లోటు తేలింది, మోతాదు ఉన్నది, జవాబు చెప్పే డాక్టరున్నడు. నా మూడు ప్రశ్నలకూ బదులొచ్చింది.

కోచ్: వాళ్ల నాయినకు ఏం జెప్పాలె మరి?

సారు: నువ్వే చెప్పు, నేను చెప్తే మనిద్దరికీ పడ్తలేదనుకుంటడు. డబ్బా కొనే పైసలు పాలకు పెట్టమను. అప్పు చెయ్యొద్దను. ఇయ్యాల్టి సంది మూడు నెలలు పిలగాని ఒంటి బరువు, ఎత్తు, నిద్ర, ఎత్తిన కిలోలు నీ పుస్తకంల రాయి. తిండి సరిగ తిని, పద్ధతి కుదిరినంక గూడ వాడు ముందుకు పోకపోతే, నేనే మొయినాబాద్‌కు వచ్చి నీతోని మల్ల కూసుంట.

కోచ్: రాస్త సార్. గని నా మాట నేను పూర్తిగ విడిచిపెడ్తలేను. పద్దెనిమిది నిండిన్నాడు వాడే వచ్చి అడిగితే, ముద్ర ఉన్న మంచి డబ్బా ఏదో నేను చెప్త. అప్పుడు మీరు ఫోన్ చెయ్యొద్దు.

సారు: చెయ్య. అప్పుడు తాగాల్నా వద్దా అని తేల్చుకునేటోడు వాడే, దానికి జవాబు చెప్పుకునేటోడు గూడ వాడే అయితడు. ఇయ్యాల మాత్రం తేల్చేది మనం, అనుభవించేది వాడు. అందుకనే నేను ఫోన్ చేసిన.